లైసెన్స్ సస్పెండైనవారు కారు నడిపి ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ సంగతి ఏమిటి?

నేను మోటారు బీమా సర్వేయర్‌ను. దెబ్బతిన్న కారును గ్యారేజీలో చూసి, నష్టం ఎంతో లెక్కగట్టి, బీమా కంపెనీకి నివేదిక ఇవ్వడం నా పని. క్లెయిమ్ ఇవ్వాలో వద్దో తేల్చేది కంపెనీయే. అయితే ఆర్‌సీ, పాలసీ, లైసెన్స్ ముందు నా చేతికే వస్తాయి. లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉందని తేలగానే యజమాని నన్ను పక్కకు పిలుస్తాడు. "నడిపింది మా అబ్బాయి కాదు, మా బావమరిది అని రాసుకోండి సార్" అంటాడు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఇదే: డ్రైవర్ పేరు మార్చకండి. నీతి సంగతి పక్కన పెట్టినా అది అతకదు. నేను కారు తలుపు తీయగానే డ్రైవర్ సీటు ఎంత వెనక్కి జరిపి ఉందో చూస్తాను. ఆరడుగుల మనిషి నడిపిన కారులో సీటు చివరిదాకా వెనక్కి ఉంటుంది. క్లెయిమ్ ఫారంలో పేరున్న పొట్టి మనిషి అందులో కూర్చుంటే కాలు క్లచ్‌కు అందదు. సీటు బెల్టు ఒరిపిడి కూడా చూస్తాను. మన కార్లలో డ్రైవర్‌కు బెల్టు కుడి భుజం మీదుగా దిగుతుంది, పక్క సీటులో ఉన్నవారికి ఎడమ భుజం మీదుగా. నడిపానంటున్న మనిషికి ఎడమ భుజం కమిలి ఉంటే ఇక అడగడానికేమీ మిగలదు. ఆపైన ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, ఆసుపత్రి రికార్డు ఉంటుంది, టోల్ గేటు కెమెరా ఉంటుంది. నిజం చెప్పి ఓడిపోతే పోయేది ఒక క్లెయిమే. అబద్ధం చెప్పి దొరికితే ఆ క్లెయిమూ పోతుంది, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసూ మెడకు చుట్టుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, రేపు ప్రమాద పరిహారం కేసులు తేల్చే ట్రైబ్యునల్‌లో మిమ్మల్ని కాపాడగలిగిన మీ మాటకు విలువ లేకుండా పోతుంది.

మొదట తేల్చుకోవలసింది, ప్రమాదం జరిగిన రోజున లైసెన్స్ నిజంగా సస్పెన్షన్‌లో ఉందా లేదా అన్నది. చాలామంది ఇక్కడే అనవసరంగా భయపడతారు, లేదా అనవసరంగా ధైర్యపడతారు. రవాణా శాఖ నుంచి షోకాజ్ నోటీసు వచ్చినంత మాత్రాన అది సస్పెన్షన్ కాదు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు వాదన వినే అవకాశం ఇచ్చాకే ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు ఏ తేదీది, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు వర్తిస్తుంది, ఎప్పుడు అందింది అన్న మూడూ రాసి పెట్టుకోండి. అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. కానీ అప్పీలు వేయగానే సస్పెన్షన్ ఆగిపోదు. స్టే ఉత్తర్వు చేతికి వచ్చేదాకా స్టీరింగ్ ముట్టకూడదు.

పోలీసులు కార్డు తీసుకుని రసీదు ఇచ్చిన సందర్భం ఇంకా చిక్కైనది. అదే మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్‌లో రెండు రకాల రసీదులున్నాయి. మూడో ఉపసెక్షన్ కింద ఇచ్చే రసీదుతో, లైసెన్స్ తిరిగి ఇచ్చేదాకా లేదా అందులో రాసిన తేదీదాకా బండి నడపవచ్చు. 2019 సవరణలో చేరిన నాలుగో ఉపసెక్షన్ కింద ఇచ్చే రసీదు నడపడానికి పనికిరాదు. మితిమీరిన వేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం తాగి నడపడం, రోడ్డు మీద పందేలు, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోవడం వంటి వాటికి ఈ రెండో రకం వర్తిస్తుంది. అంటే బైకు మీద హెల్మెట్ లేకుండా దొరికిన కుర్రవాడు ఆ సాయంత్రం ఇంటి కారు కూడా నడపకూడదు. బండ్లు రెండైనా లైసెన్స్ ఒకటే కదా! "రసీదు ఉంది సార్" అని చూపించేవారిని నేను ముందు అడిగేది దాని మీద ఏ సెక్షన్ రాసి ఉందనే.

సస్పెన్షన్ గడువు ముగిసిందన్న ధీమా కూడా పనికిరాదు. రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్స్ తిరిగి ఇవ్వాలని 2019 సవరణ చెబుతోంది. మూడు నెలలు గడిచాయని క్యాలెండర్ చూసి కారు తీసినవారికి, శిక్షణ పూర్తిచేసి లైసెన్స్ వెనక్కి తెచ్చుకున్నవారికి కంపెనీ ముందు చాలా తేడా ఉంటుంది.

ఇక క్లెయిమ్ సంగతి. ఒకే ప్రమాదంలో సాధారణంగా రెండు క్లెయిములుంటాయి, వాటిని కలిపి ఆలోచిస్తే అంతా గందరగోళమే. మీ కారు మరమ్మతు ఖర్చు ఒకటి. మీ కారు వల్ల దెబ్బతిన్న బయటివారి పరిహారం రెండోది.

మరమ్మతు క్లెయిమ్ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోకండి. మీ పాలసీ తీసి "డ్రైవర్ క్లాజు" అన్న చోట చదవండి. ప్రమాద సమయంలో నడిపే వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ పొందకుండా అనర్హత వేటు పడి ఉండకూడదు అని రాసి ఉంటుంది. సస్పెన్షన్‌లో ఉన్న వ్యక్తి నడిపితే ఈ షరతు ఉల్లంఘించినట్టే. కంపెనీ తిరస్కరిస్తుంది. యజమానే నడిపి ఉంటే, పాలసీతో వచ్చే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చిక్కులో పడుతుంది. దానికీ చెల్లుబాటయ్యే లైసెన్సే షరతు. అయితే నష్టం జరిగినప్పుడు కారును ఎవరూ నడపడం లేదనుకోండి: ఇంటి ముందు ఆపిన కారు మీద చెట్టు పడింది, వరదలో మునిగింది, దొంగలు ఎత్తుకుపోయారు. అప్పుడు ఇంట్లో ఎవరి లైసెన్స్ సస్పెండైనా ఆ నష్టానికి దానితో సంబంధం లేదు. ఈ వంకతో తిరస్కరిస్తే గట్టిగా అడగండి.

రెండో క్లెయిమ్ దగ్గర కథ వేరు. ఎక్కువ డబ్బుతో ముడిపడి ఉన్నదీ అదే. మనిషి చనిపోయినా, కాలు పోయినా పరిహారం లక్షల్లో ఉంటుంది. 150వ సెక్షన్ ప్రకారం డ్రైవర్‌కు లైసెన్స్ లేదనో, అనర్హత (సస్పెన్షన్) కాలంలో నడిపాడనో కంపెనీ వాదించుకోవచ్చు. కానీ 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో ఒక గీత గీసింది. లైసెన్స్ లేకపోవడం, నకిలీది కావడం, డ్రైవర్ అనర్హుడు కావడం వాటంతట అవే కంపెనీని బాధ్యత నుంచి తప్పించలేవు. యజమాని తెలిసి చేశాడనీ, లేదా తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోలేదనీ కంపెనీయే నిరూపించాలి. రవాణా కార్యాలయం నుంచి రికార్డు తెప్పించి, సాక్షిని ప్రవేశపెట్టవలసిన బాధ్యత కూడా దానిదే. నిరూపించినా చాలా కేసుల్లో ట్రైబ్యునళ్లు బాధితుడికి ముందు కంపెనీయే చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించాయి. ఆ రాబట్టుకోవడానికి కంపెనీ వేరే దావా వేయనక్కరలేదు. అదే తీర్పు అమలు కోరుతూ మీ ఆస్తి మీదకు రావచ్చు.

అందుకే యజమానికి తగిలే అసలు ప్రశ్న "లైసెన్స్ చెల్లుతుందా" అన్నది కాదు. "అది చెల్లదని మీకు తెలుసా, తెలుసుకోవడానికి మీరేం చేశారు" అన్నది. జవాబు ప్రమాదానికి ముందే తయారై ఉండాలి.

జీతానికి డ్రైవర్‌ను పెట్టుకున్నవారికి ఇది కష్టం కాదు. రవాణా శాఖ వారి సారథి పోర్టల్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే దాని స్థితి కనిపిస్తుంది. ఆ తెరను తేదీతో సహా ఫోటో తీసి దాచండి. లైసెన్స్ రెండువైపులా జిరాక్స్ తీసి, డ్రైవర్ సంతకం పెట్టించండి. పనిలో పెట్టుకునే ముందు పక్కన కూర్చుని నడిపించి చూశామని ఒక ముక్క రాసి పెట్టుకోండి. మూడు నాలుగు నెలలకోసారి పోర్టల్ మళ్లీ చూడండి. నిజానికి యజమాని ఇంత చేయాలని కోర్టులు కూడా అనలేదు. పైకి సక్రమంగా కనిపించే లైసెన్స్ చూసి, నడపడం వచ్చని నమ్మకం కుదిరితే చాలునని 2003లోనూ, మళ్లీ 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అవి నకిలీ లైసెన్సుల కేసులు. అయినా ఆ తర్కం ఇక్కడా మీకు ఉపయోగపడుతుంది. సస్పెన్షన్ సంగతి డ్రైవర్ దాచిపెడితే, మీ దగ్గరున్న ఆ తేదీ ఉన్న ఫోటో మిమ్మల్ని గట్టెక్కించగలదు.

కొడుకో, తమ్ముడో అయితే వ్యవహారం మారిపోతుంది. మద్యం తాగి నడిపినందుకు కోర్టు లైసెన్స్ సస్పెండ్ చేస్తే, ఆ సమన్లు వచ్చిందీ ఆ ఇంటికే, జరిమానా కట్టిందీ చాలాసార్లు తండ్రే. "నాకు తెలియదు" అన్న మాట ఎవరూ నమ్మరు. ఆ ఇంట్లో చేయగలిగింది ఒకటే, లైసెన్స్ తిరిగి చేతికి వచ్చేదాకా తాళం చెవి దాచడం. "నువ్వు కారు తీయకూడదు" అని కుటుంబ వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టి ఉంచండి. ఇలాంటివి ఇళ్లలో కొంచెం ఇబ్బందిగా ఉంటాయని తెలుసు. కానీ చెప్పకుండా తాళం తీసుకెళ్లాడని తర్వాత వాదించాలంటే, ఆ రోజు పెట్టిన సందేశమే మీ సాక్షి. శిక్షల సంగతి కూడా తెలుసుకోండి. అనర్హత కాలంలో నడిపినవారికి 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బండి ఇచ్చిన యజమానికి 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ప్రమాదం జరిగాక వెంటనే చేయవలసినవి తక్కువే. దెబ్బతిన్నవారిని ఆసుపత్రికి చేర్చండి, పోలీసులకు చెప్పండి, కంపెనీకి ఫోను చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. మరమ్మతు డబ్బు ఎలాగూ రాదని కంపెనీకి చెప్పకుండా ఊరుకునేవారు ఉన్నారు. అది పెద్ద పొరపాటు. బయటివారి క్లెయిమ్ రేపు వస్తుంది, సమాచారం ఇవ్వలేదన్న వాదన అప్పుడు అదనంగా మీ మీద పడుతుంది. ఫారంలో నడిపినవారి పేరు, లైసెన్స్ నంబరు ఉన్నవి ఉన్నట్టు రాయండి. తెలియనిది ఊహించి నింపకండి.

ట్రైబ్యునల్ నుంచి నోటీసు వచ్చాక మాత్రం సొంత న్యాయవాదిని పెట్టుకోండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. "కంపెనీ వకీలు చూసుకుంటాడులే" అని ఊరుకుంటారు చాలామంది. ప్రమాదం మీ డ్రైవర్ తప్పా కాదా అన్నంతవరకు ఆ వకీలు మీ పక్కనే ఉంటాడు. లైసెన్స్ విషయం రాగానే ఎదుటి పక్షం అవుతాడు, ఎందుకంటే మీకు తెలిసే జరిగిందని నిరూపించడం అతని పని. ఆ రోజు మీ తరఫున కోర్టులో ఎవరూ లేకపోతే మీ ఫోటోలు, జిరాక్సులు, సందేశాలు ఎవరు దాఖలు చేస్తారు? మీరు బోనెక్కి సాక్ష్యం చెప్పకపోతే అవన్నీ ఇంట్లో బీరువాలోనే ఉండిపోతాయి.

మీరు బాధితుల వైపు ఉంటే, ఎదుటి డ్రైవర్ లైసెన్స్ సస్పెండైందని తెలిసి నిరాశపడకండి. డ్రైవర్‌ను, యజమానిని, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి 166వ సెక్షన్ కింద దరఖాస్తు చేయండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలని లెక్కపెట్టుకోండి. తప్పు ఎవరిదో నిరూపించడం కష్టమనిపిస్తే 164వ సెక్షన్ ఉంది: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. సస్పెన్షన్‌లో ఉన్నది మీ లైసెన్సే అయి, ఎదుటివాడు తప్పుగా వచ్చి గుద్దితే కూడా మీకు హక్కు పోదు. లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో వాటా తప్పు ఉన్నట్టు కాదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నడిపినందుకు జరిమానా వేరే లెక్క.

మరమ్మతు క్లెయిమ్ తిరస్కరించారా? నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఏ షరతు కింద, ఏ కారణంతో అన్నది రాతపూర్వకంగా అడగండి. ఉత్తర్వు తేదీ కంపెనీ తప్పుగా చదివిన సందర్భాలు, నోటీసునే సస్పెన్షన్ అనుకున్న సందర్భాలు నేను చూశాను. అలాంటివి ఉత్తర్వు నకలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపితేనే సర్దుకుంటాయి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాలవారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు. లైసెన్స్ నిజంగానే సస్పెన్షన్‌లో ఉండి, కారు ఢీకొన్న సమయంలో ఆ వ్యక్తే నడిపి ఉంటే మాత్రం, గ్యారేజీ బిల్లు మీరే కట్టి, ఆ ఓపికనూ ఆ డబ్బునూ ట్రైబ్యునల్ కేసు కోసం దాచుకోండి.