రోయింగ్ మెషిన్ పేస్ లెక్క కలుస్తలేదా? ముందు సెకన్లలకి మార్చుర్రి

నల్లగొండల మేం పోయే జిమ్ముల రోయింగ్ మెషిన్ ఒక్కటే ఉంది, పొద్దున ఆరింటికే దానికాడ లైన్, లాగుడు కంటే లెక్కల మీద లొల్లే ఎక్కువ. పేస్ అంటే 500 మీటర్లు లాగనీకి పట్టే టైం. చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు, నిమిషాలను రూపాయల్లెక్క పాయింట్ పెట్టి రాసుడుతోనే వస్తది.

సమస్య: క్యాలిక్యులేటర్‌ల ఒకటి, స్క్రీన్ మీద ఒకటి
మా బామ్మర్ది పాలమూరు నుంచి వాట్సాప్‌ల పెట్టిండు, "బావా, 2000 మీటర్లు 9:20ల కొట్టిన, 4తోటి భాగిస్తే 2.30 వచ్చింది, మెషినేమో 2:20 అంటుంది, పాడైనట్టుంది" అని. పాడేం కాలే. 9.20 అని కొట్టిండు, నిమిషానికి 60 సెకన్లు గదా, 100 కాదు. 9×60 చేస్తే 540, మీద 20, మొత్తం 560 సెకన్లు. 2000ల 500లు నాలుగు, 560ని 4తోటి భాగిస్తే 140, అంటే 2:20. మెషిన్ చెప్పిందే నిజం.

మిగతావి కూడా ఇట్లనే. టైం కావాల్నంటే మీటర్లను 500తోటి భాగించి పేస్ సెకన్లతోటి గుణించాలె. దూరం కావాల్నంటే మొత్తం సెకన్లను పేస్ సెకన్లతోటి భాగించి 500తోటి గుణించాలె. అరగంట 2:30 మీద లాగితే 1800ని 150తోటి భాగిస్తే 12, అంటే 6000 మీటర్లు.

సమస్య: ఎక్సెల్‌ల 10 కిలోమీటర్లు 17:40 అని చూపిస్తుంది
దీంతోటి నేనే ఒక రాత్రంతా కొట్లాడిన. పేస్ 2:05 అని కొట్టి 20తోటి గుణిస్తే 17:40 వచ్చింది, అంత స్పీడ్ ఎవరికీ రాదు. ఎక్సెల్ 2:05ని రెండు గంటల ఐదు నిమిషాలు అనుకుంటది, 20 రెట్లు చేస్తే 41 గంటల 40 నిమిషాలు, 24 దాటంగనే ఒక రోజు తీసేసి మిగిలింది చూపిస్తది. 0:02:05 అని కొట్టుర్రి, 0:41:40 వస్తది. 2000 మీటర్లకు ఈ తప్పు దొరకదు, 8:20 అనే చూపిస్తది, అందుకే నమ్మి మోసపోయిన.

సమస్య: యావరేజ్ పేస్ కలుస్తలేదు
15 నిమిషాలు 2:00 మీద, ఇంకో 15 నిమిషాలు 2:30 మీద లాగితే యావరేజ్ 2:15 అనుకుంటం. కాదు. మొదట్ల 3750 మీటర్లు, తర్వాత 3000, మొత్తం 6750. 1800 సెకన్లకు లెక్కేస్తే 2:13.3 వస్తది. ఎందుకంటే ఫాస్ట్‌గ లాగిన టైంల దూరం ఎక్కువ పోయినం. రెండు ముక్కలూ సమానం మీటర్లు ఉంటేనే పేస్‌లు కలిపి సగం చెయ్యాలె, సమానం నిమిషాలు ఉంటే మీటర్లు కూడాలె.

సమస్య: రన్నింగ్‌ల 5:30, ఇక్కడ 2:30, అంత తేడానా?
స్క్రీన్ మీద పేస్ 500 మీటర్లకు, కిలోమీటర్‌కు కాదు. రెండింతలు చేయుర్రి, కిలోమీటర్‌కు 5 నిమిషాలు. అయినా ఉరుకుడుతోటి దీన్ని పోల్చుడు నాకైతే దండుగ అనిపిస్తది.

సమస్య: పేస్ పది సెకన్లే తగ్గించిన, ఐదు నిమిషాలకే పానం పోతుంది
కాన్సెప్ట్2 కంపెనీ మెషిన్ల వాట్స్ (ఎంత బలంతోటి లాగుతున్నమో చెప్పే లెక్క) కావాల్నంటే 2.80ని, ఒక మీటర్‌కు పట్టే సెకన్ల ఘనంతోటి భాగించాలె. 2:00కు దాదాపు 203 వాట్స్, 1:50కి 263. పది సెకన్లకు 60 వాట్స్ మీద పడుతుంది, పేస్ చిన్నగ మారినా బలం మస్తు కావాలె. అందుకే వారానికి రెండు సెకన్లు తగ్గించినా చాలు అంట నేను.

సమస్య: డ్యాంపర్ 10ల పెట్టినా పేస్ పెరుగుతలేదు
డ్యాంపర్ అంటే గాలి ఎంత లోపటికి పోవాల్నో చెప్పే మీట, పేస్ పెంచే గేర్ కాదు. పీఎం5 మానిటర్‌ల (కాన్సెప్ట్2 మెషిన్ స్క్రీన్) మోర్ ఆప్షన్స్ తీసి డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ (ఫ్యాన్‌కు గాలి ఎంత అడ్డం పడుతుందో చెప్పే నంబర్) నొక్కి నాలుగు లాగులు లాగుర్రి, చాలామందికి 110 నుంచి 130 మధ్య ఉంటే సాఫ్‌గ నడుస్తది. మా దగ్గర ఎండాకాలం దుమ్ము ఫ్యాన్ జాలీల నిండి అదే డ్యాంపర్ నంబర్ మీద డ్రాగ్ పడిపోతది, డ్యాంపర్ నంబర్‌ను కాదు డ్రాగ్‌ను చూసి పెట్టుకోర్రి, జాలీని వ్యాక్యూమ్ క్లీనర్‌తోటి గుంజుర్రి.