డీ అండ్ డీ వదిలి వేరే సిస్టమ్‌కి మారాలంటే: సమస్య - పరిష్కారం

డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట. సిస్టమ్ అంటే అలాంటి ఆట రూల్స్. "అన్నా, డీ అండ్ డీ బోర్ కొడుతోంది, ఇంకో సిస్టమ్ చెప్పు." ఈ మాట ఎవరన్నా నేను తిరిగి అడిగేది ఒక్కటే. పోయిన సెషన్‌లో టైమంతా ఎక్కడ పోయింది? దీనికి జవాబు చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. అది తెలియకుండానే కొత్త రూల్‌బుక్ పీడీఎఫ్ కొనేస్తారు, ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయిస్తారు, మూడు వారాలకి మళ్లీ అదే ప్రశ్నతో వస్తారు.

తార్నాకలో మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు గేమ్ నడుపుతున్నాను. ఆగిపోయిన వేరేవాళ్ల గేములు కూడా కొన్ని దారిలో పెట్టాను. డైస్ వేయడం, క్యారెక్టర్ షీట్ నింపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అందరూ వదిలేసే చెక్

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: కొట్లాట, పాత్రలుగా మాట్లాడుకోవడం, ప్లాన్ వేసుకోవడం, రూల్స్ వెతకడం. ఫోన్‌లో పదిహేను నిమిషాలకోసారి అలారం పెట్టండి. అది మోగినప్పుడు టేబుల్ మీద ఏం నడుస్తుంటే ఆ గడిలో టిక్కు పెట్టమని ఒక ప్లేయర్‌కి చెప్పండి. నాలుగు గంటల సెషన్‌కి పదహారు టిక్కులు. ఇంత చిన్న పని ఎవరూ చేయరు. దయచేసి చేయండి. ఏ గడి నిండిందో, ఏది ఖాళీగా ఉందో చూశాకే సిస్టమ్ మాట ఎత్తండి.

2023 జనవరిలో డీ అండ్ డీ తెచ్చే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, దాని రూల్స్ ఇతరులు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని మార్చబోతోందని తెలిసి చాలామంది వేరే గేమ్‌ల వైపు వెళ్లారు. ఆ నెలాఖరుకే కంపెనీ వెనక్కి తగ్గి డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చేసింది. అప్పటి కోపం ఇంకా పోనివాళ్లకి ఈ కాగితంతో పని లేదు, వాళ్ల కారణం వేరు.

కొట్లాట గడి నిండిపోయింది

ఐదో ఎడిషన్‌లో లెవెల్ పెరిగేకొద్దీ శత్రువుల హిట్ పాయింట్లూ (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) పెరుగుతాయి, ఒక్కో ప్లేయర్ ముందున్న ఆప్షన్లూ పెరుగుతాయి. ఆరుగురు కూర్చుంటే మీ వంతు మళ్లీ వచ్చేసరికి చాయ్ చల్లారిపోతుంది.

కొట్లాట త్వరగా తేలిపోవాలంటే కెయిర్న్ గానీ మౌస్‌రిట్టర్ గానీ చూడండి. రెండూ 2020లో వచ్చాయి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. దెబ్బ తగిలిందా లేదా అనే రోల్ వీటిలో లేదు. నేరుగా డ్యామేజ్ వేస్తారు, ఎదుటివాడి ఆర్మర్ తీసేస్తారు, మిగిలింది తగిలినట్టే. డీ అండ్ డీ రుచి పోకూడదంటే 2023లో వచ్చిన షాడోడార్క్ ఉంది. అందులో కాగడా నిజంగానే గంటసేపు వెలుగుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి ఆడతారు, దాంతో ఎవరూ సాగదీయరు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మంచి గేమే. వంతుకి మూడు యాక్షన్లు అనే పద్ధతి చాలా శుభ్రంగా ఉంటుంది. రూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. కానీ అది కొట్లాటను ఇష్టపడి, ఇంకా లోతుగా ఆడాలనుకునేవాళ్ల కోసం. కొట్లాట తగ్గాలని దాంట్లోకి మారితే కడుపునొప్పికి దగ్గు మందు తాగినట్టే.

ప్లానింగ్ గడి నిండిపోయింది

దొంగల ముఠాగా ఆడే బ్లేడ్స్ ఇన్ ది డార్క్ చూడండి, 2017లో వచ్చింది. దొంగతనానికి ముందు ప్లాన్ వేయరు. ఎలాంటి ప్లానో ఒక్క మాట, దానికి ఒక్క వివరం చెప్పి, రోల్ వేసి నేరుగా పనిలో దిగుతారు. మధ్యలో అడ్డంకి వస్తే "దీనికి నేను నిన్ననే ఏర్పాటు చేశాను" అని ఫ్లాష్‌బ్యాక్ చెప్పుకోవచ్చు. పాత అలవాటుతో మీవాళ్లు మ్యాప్ ముందేసుకుని కూర్చుంటే మాత్రం మ్యాప్ తీసి పక్కన పెట్టండి.

మాట్లాడుకునే గడి ఖాళీగా ఉంది

అసలు విషయం ఇది. దీంట్లోనే నేను ఏడాది పోగొట్టుకున్నాను, ఇద్దరు మంచి ప్లేయర్లనీ పోగొట్టుకున్నాను.

లక్షణం ఇలా ఉంటుంది. జీఎం, అంటే గేమ్ నడిపేవాడు, ఒక్కడే మాట్లాడుతుంటాడు. గేటు దగ్గర కాపలావాడు ఏదైనా అడిగితే ప్లేయర్ "నేను డిసెప్షన్ (అబద్ధం నమ్మించే రోల్) వేస్తాను" అని డైస్ వైపు చెయ్యి చాపుతారు. ఇది చూసి అందరూ చెప్పే మాట ఒకటే: "డీ అండ్ డీ అంటేనే కొట్లాట, కథ నడిపే సిస్టమ్‌కి మారండి." నేనూ అదే నమ్మాను. ఏడాదిలో డంజన్ వరల్డ్, ఫేట్, బ్లేడ్స్, మూడూ ఆడించాను. మౌనం ఇంకా పెరిగింది. చివరికి అలసిపోయి మళ్లీ ఐదో ఎడిషన్‌కే వచ్చాం.

అప్పుడు మా టేబుల్‌లో బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి ఉండేది. ఆమె పాత్ర ఒక దొంగ. ఎనిమిది సెషన్లలో ఆ దొంగ ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడలేదు, అన్నీ డైస్‌తోనే. ఒక ఆదివారం బ్రేక్‌లో కింద జామకాయల బండి వచ్చింది. ఆమె బాల్కనీలోంచి వంగి, "నిన్న ఇరవైకి నాలుగిచ్చినవ్ కదయ్యా, ఇవాళ మూడేంది, మీ చెట్టుకి జ్వరమొచ్చిందా?" అని అరిచింది. బండాయన నవ్వి నాలుగిచ్చాడు. ఆ బండి నిన్న మా వీధికి రానేలేదు.

నాకు అక్కడే తగిలింది. లోపలికొచ్చి కూర్చున్నాక కాపలావాడిగా తెలుగులో అడిగాను: "ఏయ్, ఎవరది? గిన్నెలో ఏముంది?" ఆమె చెయ్యి డైస్ మీదికి పోలేదు. "బాలింతకి పథ్యం అన్నా. మూత తీస్తే చల్లారిపోతది. చల్లారితే మా అత్త నన్ను తిడుతది, నిన్ను కాదు" అంది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు పక్కన పెట్టేశారు. అడ్వాంటేజ్ ఇచ్చి, అంటే రెండుసార్లు వేసి ఎక్కువ పడ్డది తీసుకోమని, రోల్ వేయించాను. సిస్టమ్ అదే, పాత్ర అదే, మారింది భాష ఒక్కటే.

ఈ కారణం ఎవరికీ ఎందుకు దొరకదో చెప్తాను. చాయ్ తాగేటప్పుడు, లేటుగా వచ్చినవాణ్ణి తిట్టేటప్పుడు అందరూ తెలుగులోనే మాట్లాడతారు. గేమ్ మొదలవగానే జీఎం "యూ ఎంటర్ ఎ టావెర్న్" అని చదువుతాడు, ఆ వాక్యంతో భాష మారిపోతుంది. పుస్తకం ఇంగ్లీషు, షీటు ఇంగ్లీషు, చూసే వీడియోలూ ఇంగ్లీషే కాబట్టి మారినట్టు కూడా తెలియదు. పైగా అందరూ గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో రోజంతా ఇంగ్లీషులో మీటింగులు చేసేవాళ్లే. ఇంగ్లీషే సమస్య అని ఎవరికి తడుతుంది? కానీ వాళ్ల దగ్గర ఉన్నది మీటింగ్ ఇంగ్లీషు. బతిమాలడం, బేరమాడటం, బెదిరించడం, బుజ్జగించడం, ఇవన్నీ వాళ్లు చిన్నప్పటి నుంచి చేసింది తెలుగులో. మన టేబుల్ మీద పాత్రకి కావాల్సింది ఆ నాలుగే.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంగ్లీషులో రాజైనా, దొంగైనా, గుర్రాల సాయిబైనా "యూ" ఒక్కటే. తెలుగులో నువ్వా, మీరా, ఏరా, అయ్యా, దొరా? ఒక్క పిలుపుతో ఎవరు ఎక్కువో, ఎవరికి ఎవరంటే కోపమో తేలిపోతుంది. అప్పటిదాకా "మీరు" అన్న కూలీ మనిషి ఒక్కసారి "నువ్వు" అంటే టేబుల్ మొత్తం తలెత్తి చూస్తుంది. ఏ సిస్టమ్ రూల్‌లోనూ ఇది రాసి ఉండదు.

కాబట్టి సిస్టమ్ మార్చేముందు అరగంట పాటు అవే పాత్రలతో, అదే సిస్టమ్‌తో, తెలుగులో ఒక్క సీన్ ఆడండి. జీఎం ముందు తన మొదటి మూడు వాక్యాలు తెలుగులో రాసుకుని రావాలి. అక్కడ తడబడితే మిగతావాళ్లు వెంటనే ఇంగ్లీషులోకి జారిపోతారు. ఎదురయ్యే మనుషుల పేర్లు మార్చండి. ఎల్డ్రిన్ ఎదురైతే ఇంగ్లీషు వస్తుంది, మల్లయ్య ఎదురైతే తెలుగు వస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లుంటే వాళ్లు దక్కనీలోనే కానివ్వండి, హైదరాబాద్‌లో అర్థం కానివాళ్లెవరు? అన్నీ అనువాదం చేయాలని మాత్రం చూడకండి. ఒక టేబుల్‌లో హిట్ పాయింట్లను "ప్రాణ బిందువులు" అన్నారు. ఆ మాట ఎవరి నోటా ఆడలేదు, రెండో వారానికి గేమే ఆగింది. డ్యామేజ్, ఆర్మర్, లెవెల్ అలాగే ఉండనివ్వండి.

ఈ అరగంటతో మాటలు వస్తే సిస్టమ్ మార్చాల్సిన పనే ఉండకపోవచ్చు. అయినా మార్చాలనుకుంటే ఇప్పుడు ఎంపిక కూడా వేరుగా ఉంటుంది. ఆటలో ప్లేయర్ షీట్ మీద నుంచి ఎంత ఇంగ్లీషు చదవాల్సి వస్తుందో లెక్కపెట్టండి. డంజన్ వరల్డ్‌లో "మూవ్"లన్నీ వాక్యాలుగా రాసి ఉంటాయి. రెండు డైస్ వేసి పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇది, ఏడు నుంచి తొమ్మిదైతే ఇది అని ప్లేయర్ చదువుతాడు, టేబుల్ మళ్లీ ఇంగ్లీషైపోతుంది. ఆడాలంటే ముందు మూవ్‌లు తెలుగులో తిరగరాసుకోవాలి. భయం కథల గేమ్ కాల్ ఆఫ్ కతూలులో ఈ ఇబ్బంది లేదు. నైపుణ్యం పేరు, పక్కన ఒక అంకె, ఒకటి నుంచి నూరు దాకా పడే డైస్‌లో ఆ అంకెకి సమానంగా గానీ తక్కువగా గానీ పడితే పనైనట్టు. దాని కథలు ఎక్కువగా 1920ల్లో నడుస్తాయి కాబట్టి నేను నిజాం కాలపు హైదరాబాద్‌లో పెట్టాను. 1908 మూసీ వరద ఇంకా అందరికీ గుర్తుంది, ఉస్మాన్ సాగర్ 1920లో కొత్తగా కట్టారు, ఆ నీళ్ల కింద ఏదో ఉంది. ప్లేయర్ల పాత్రలు హకీమ్, పోస్టుమాస్టర్, పోలీసు అమీన్. ఎలా మాట్లాడాలో ఎవరికీ నేర్పాల్సి రాలేదు.

నేను పనికిరాదని పక్కన పెట్టిన ఫేట్ ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టం. అందులో పాత్ర స్వభావాన్ని ప్లేయరే చిన్న మాటల్లో రాసుకోవాలి. మొదటిసారి అందరూ పుస్తకంలోని ఇంగ్లీషు నమూనాలే ఎక్కించారు. రెండోసారి తెలుగులో రాయమన్నాను. ఒకతను "అక్క పెళ్లికి తాకట్టు పెట్టిన పొలం" అని రాశాడు. ఆ ఒక్క ముక్క మీద నాలుగు సెషన్లు నడిచాయి.

కెయిర్న్ ఇంకా సులువు. దాని లైసెన్స్ ప్రకారం, మూల రచయిత పేరు చెప్పి, అదే లైసెన్స్ కింద ఎవరైనా అనువదించి పంచుకోవచ్చు. రెండు సాయంత్రాలు కూర్చుంటే మీ టేబుల్‌కి కావాల్సినంత రెండు పేజీల్లో తెలుగులో వచ్చేస్తుంది.

కొత్త సిస్టమ్ ఒక్క సెషన్‌తోనే ఆగిపోయింది

మొదటి సెషన్ ఏ సిస్టమ్‌లోనైనా నెమ్మదిగానే ఉంటుంది. మూడు సెషన్లు ఆడాకే తీర్పు అని ముందే ఒప్పుకోండి. మొదటి రోజు పాత్రలు తయారు చేయించకండి, సిద్ధంగా ఉన్నవి ఇచ్చేయండి. కాల్ ఆఫ్ కతూలుకి కథతో సహా ఉచిత క్విక్‌స్టార్ట్ ఉంది, పుస్తకం కొనేముందు దాన్నే ఆడి చూడండి.

మిగతావి

డైస్ బాగాలేవు, యాప్ సరిగ్గా లేదు లాంటి కారణాలు నేను ఇన్నేళ్లలో నిజమని చూడలేదు. జీఎం అలసిపోతే జీఎం అక్కర్లేని ఫియాస్కో ఆడుకోండి. ఏ కథైనా నడపొచ్చని గర్ప్స్ వైపు చూసేవాళ్లు ముందు దాని ఉచిత లైట్ వెర్షన్ చదవండి, చాలామందికి అక్కడే సంగతి తెలిసిపోతుంది.

ఆరుగురు రావాల్సిన చోట ఇద్దరే వస్తుంటే దానికి ఏ సిస్టమూ మందు కాదు. ఆ రోజుల కోసం లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ప్రింట్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. గేమ్ మొత్తం ఒక్క పేజీ. ప్లేయర్ రెండు నుంచి ఐదు లోపు ఒక అంకె ఎంచుకుంటే పాత్ర దాదాపు తయారైనట్టే, మామూలు ఆరు ముఖాల డైస్ చాలు. వర్షానికి ట్రాఫిక్ ఆగిన ఆదివారం మేం దాన్నే ఆడతాం, తెలుగులో.