సైన్స్‌లో అన్నీ ఇష్టమే అయితే డిగ్రీ ఎలా చదవాలి

ఇంటర్ అయ్యాక కెమిస్ట్రీ కావాలి, జువాలజీ కావాలి, ఏ ఒక్కటీ వదలబుద్ధి కాదు. ఇలాంటి పిల్లలు మా భీమవరం, అమలాపురం పక్క బోలెడు మంది. ఇంట్లో మాత్రం "అన్నీ కొంచెం కొంచెం చదివితే ఏ ఉద్యోగం వస్తుందిరా" అంటారు. అందులో సగం నిజమే, అన్నీ ముట్టుకుని వదిలేస్తే ఏదీ చేతికి రాదు. అందుకే సబ్జెక్టుల పేర్లు పక్కన పెట్టి, ముందు ఒక సమస్యను పట్టుకోండి.

మన దగ్గర వాటికి కొదవా? రొయ్యల చెరువునే చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు, ఎందుకు తిరగాలి? చీకట్లో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా అదీ రొయ్యలూ బ్యాక్టీరియా కలిసి ఉన్నది పీల్చేస్తాయి కాబట్టి పొద్దు పొడిచే ముందుకి అడుగంటిపోతుంది. ఇదంతా బోటనీ, జువాలజీ. ఎంత మిగిలిందో తేల్చాలంటే గాలి బుడగ లేకుండా సీసా నిండా నీళ్ళు పట్టి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేస్తారు. గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే గుండె గుభేలే. తర్వాత ఆమ్లం వేసి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, స్టార్చ్ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఇది కెమిస్ట్రీ. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరగడం ఫిజిక్స్, వారం లెక్కలు గ్రాఫ్ గీయడం స్టాటిస్టిక్స్.

ఇప్పుడు మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు, ఎంచుకోండి. మన రాష్ట్రంలో 2023-24లో సింగిల్ మేజర్, దానికి తోడు ఒక మైనర్, అంటే కాస్త తక్కువగా చదివే రెండో సబ్జెక్టు, ఉండే పద్ధతి వచ్చింది. మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ మాత్రం మీరే చదవండి, సీనియర్ చెప్పాడని ఊరుకోకండి. నా లెక్కలో మేజర్ ల్యాబ్‌లో చేతులు పెట్టే సబ్జెక్టు, మైనర్ లెక్కలకో కంప్యూటర్‌కో దగ్గరగా ఉండేది అయితే మేలు.

చేరే ముందే ఎం.ఎస్సీ., బి.ఎడ్. నోటిఫికేషన్లు తెరిచి, డిగ్రీలో ఏ సబ్జెక్టు ఉండాలంటున్నారో రాసుకోండి. గ్రూప్స్ లాంటి వాటికి ఏ డిగ్రీ అయినా చాలు, వీటికి అలా కాదు. నేను మ్యాథ్స్ అంటే టెన్షన్ పడి వదిలేశా, తీరా ఆఖరి ఏడాది చూస్తే నాకు కావాల్సిన కోర్సుకు మ్యాథ్సే అడిగారు.

సెలవుల్లో ఊరకే ఉండకండి. స్వర్ణ అని మనం తినే ఎంటీయూ 7029 వరి పుట్టింది మార్టేరు పరిశోధన స్థానంలోనే. కొబ్బరికి అంబాజీపేట పరిశోధన స్థానం ఉంది. ప్రిన్సిపాల్ గారి ఉత్తరం పట్టుకెళ్ళి, సెలవుల్లో అక్కడ పని నేర్చుకుంటామని అడగండి. అందులో "ఏ పనైనా పర్లేదు" అని రాయించొద్దు, మీ చెరువు లెక్కల కాగితం ఒకటి జత చేయండి.