చిరుత అంటే చీతా కాదని మా వాడికి ఎలా ఎక్కిందంటే

మా వాడికి చార్ట్‌లో జంతువుల ఇంగ్లీష్ పేర్లన్నీ వచ్చు, ఒక్క చిరుతపులి దగ్గరే తేడా కొట్టేది. చిరుత, చీతా వినడానికి ఒకేలా ఉంటాయి కదా, లెపర్డ్ బొమ్మ చూపించినా చీతా అనేవాడు (నాకూ మొన్నటిదాకా అదే అనుమానం, అది వేరే సంగతి). పదిసార్లు రాయించాను, లాభం లేదు. చివరికి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ముఖం చూడమన్నాను. కంటి నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లటి గీత ఉంటే చీతా, లేకపోతే లెపర్డ్. ఒంటి మీద చీతావి నిండు చుక్కలు, లెపర్డ్‌వి పువ్వుల్లా గుత్తులు. తిరుమల నడకదారిలో కనిపించేది లెపర్డే, చీతాల్ని 2022లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కునోకి తెచ్చారని కథలా చెప్పాను. అంతే, ఎక్కేసింది. తాబేలు పంచాయితీ మాత్రం ఇంకా తేలలేదు, టర్టిలా టార్టాయిసా అని.