పర్యావరణ రచనలు, సైన్స్ ఫిక్షన్: సాహిత్యం క్లాసులో రెండూ కలిపి చదవడం ఎలా?

సాహిత్యం క్లాసులో పర్యావరణ రచనలు ఒక యూనిట్‌గా, సైన్స్ ఫిక్షన్ ఇంకో యూనిట్‌గా వస్తాయి. మొదటిదాని గురించి ‘ప్రకృతిని కాపాడుకోవాలని రచయిత హెచ్చరించారు’ అని రాస్తాం. రెండోదాని గురించి ‘భవిష్యత్తును ముందే ఊహించారు’ అని రాస్తాం. ఈ రెండు వాక్యాలూ పుస్తకం తెరవకుండానే రాసేయొచ్చు, చిక్కంతా అక్కడే ఉంది. రెండు రకాల రచనల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే చాలా దూరం వెళ్లొచ్చు. ఆ ప్రశ్న: ఇదంతా చేసిందెవరు?

ముందు ఒక జంటను ఎంచుకోండి

వాస్తవం చెప్పే పుస్తకం ఒకటి, కల్పన ఒకటి తీసుకోండి. రెండూ ఒకే కాలానివైతే మరీ మంచిది. నేను ఎవరికైనా మొదట చెప్పే జంట 1962 నాటిది. ఆ ఏడాది రేచల్ కార్సన్ పురుగుమందుల మీద రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చింది. నగరాలు నీట మునిగిపోయిన భూమి మీద నడిచే జె.జి. బల్లార్డ్ నవల ‘ది డ్రౌన్డ్ వరల్డ్’ కూడా ఆ ఏడాదే వచ్చింది.

రెండు పుస్తకాలూ మొత్తం చదివే టైమ్ లేకపోతే కార్సన్ మొదటి అధ్యాయం, బల్లార్డ్ మొదటి అధ్యాయం చాలు. కార్సన్ అధ్యాయం రెండు మూడు పేజీలే. తమాషా ఏమిటంటే, సైన్సు పుస్తకమైన అది మొదలయ్యేది కథతో. అమెరికాలో ఒక ఊరు. పక్షులు కనిపించవు, పశువులు జబ్బుపడతాయి, వసంతం వచ్చినా చప్పుడుండదు. అసలు అలాంటి ఊరు లేదని, అయితే అందులోని ప్రతి నష్టమూ ఎక్కడో ఒకచోట నిజంగా జరిగిందేనని ఆ తర్వాత ఆమే చెబుతారు. వాస్తవం చెప్పడానికి ఆమెకు కల్పన కావలసి వచ్చింది. రెండు యూనిట్ల మధ్య గోడ అక్కడే పడిపోతుంది.

పెన్సిల్ తీసుకుని క్రియలు వెతకండి

మొదటిసారి ఏమీ గీయకుండా చదివేయండి. రెండోసారి రెండు రంగుల పెన్సిళ్లు పట్టుకోండి. మనుషులు చేసే పనుల కింద ఒక రంగు గీత, మనుషులు కానివి చేసే పనుల కింద ఇంకో రంగు గీత. నీళ్లు, చెట్లు, పురుగులు, ఎండ, యంత్రాలు అన్నీ రెండో రంగులోకే వస్తాయి. కర్త ఎవరో తెలియని క్రియ కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. అసలు పాఠం ఆ సున్నాల్లోనే ఉంటుంది.

ఈ పని తెలుగులో చేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కర్తను చెప్పకుండానే మన వాక్యం హాయిగా నడుస్తుంది. ‘నది ఎండిపోయింది’ అంటే అది దానంతటదే ఎండిపోయినట్టు. ‘నదిని ఎండగట్టారు’ అనగానే ఎవరో ఉన్నారని తెలుస్తుంది, కానీ ఎవరన్నది చెప్పలేదు. ‘ఎగువన ఆనకట్ట కట్టినవాళ్లు నదిని ఎండగట్టారు’ అంటే బాధ్యత ఒకచోట చేరింది. నది అదే, ఎండడమూ అదే. మారింది వ్యాకరణం, దాంతోపాటు జవాబుదారీ కూడా.

ఇప్పుడు కార్సన్ దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆమె కథలో కొన్ని వారాల కిందట ఒక తెల్లటి పొడి మంచులా కప్పుల మీదా పొలాల మీదా పడి ఉంటుంది. పొడి ‘పడింది’. ఎవరు చల్లారో ఆ వాక్యం చెప్పదు. పేజీలో అక్కడిదాకా దాదాపు అన్నీ అలాంటి క్రియలే: జబ్బులు వచ్చాయి, పక్షులు వెళ్లిపోయాయి, చప్పుడు ఆగిపోయింది. కథ చివర్లో మాత్రం ఒకే ఒక్క చిన్న వాక్యంలో కర్త బయటపడతాడు. ఇది మంత్రగాళ్ల పనీ కాదు, శత్రువుల పనీ కాదు, ఆ ఊరి మనుషులే చేసుకున్నారు అంటుంది. పేజీ అంతా దాచిన పేరును అక్కడ బయటపెట్టడం వల్లే ఆ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. వ్యాసంలో ‘ప్రభావవంతమైన శైలి’ అని రాసే బదులు ఈ ఒక్క సంగతి చూపిస్తే చాలు.

కల్పనలో మారిన ఆ ఒక్కటీ ఏమిటో చెప్పండి

సైన్స్ ఫిక్షన్‌కు ఇంకో సాధనం కావాలి. కథాలోకానికీ మనకు తెలిసిన లోకానికీ తేడా తెచ్చే కొత్త అంశాన్ని విమర్శకుడు డార్కో సువిన్ ‘నోవమ్’ అన్నాడు. దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మార్పు ఎవరి వల్ల వచ్చింది? ఎవరికి లాభం? నష్టం ఎవరు మోస్తున్నారు?

బల్లార్డ్ నవలలో ఈ మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది పొరపడతారు. మునిగిన నగరాలు అనగానే పొగగొట్టాలు, కార్లు, వాతావరణ మార్పు అని రాసేస్తారు. నవలలో కారణం అది కాదు, సౌర తుపానులు. అక్కడ కర్త సూర్యుడు. ఎవరిదీ తప్పు లేని విపత్తు అది. అందుకే అందులో కథానాయకుడు నింద కోసం వెతకడు, వేడి ఎక్కువగా ఉన్న దక్షిణం వైపే వెళ్లిపోతాడు. కార్సన్ పేజీ కోపంతో ముగిస్తే, బల్లార్డ్ నవల ఒక రకమైన లొంగుబాటుతో ముగుస్తుంది. రెండింటి మధ్య తేడా అంతా కర్త ఎవరన్న దగ్గరే మొదలైంది.

రచన పుట్టిన నాటికి ఏం తెలుసో చూడండి

దీనికి అరగంట చాలు, కానీ వదిలేయొద్దు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరేనియస్ 1896లోనే లెక్కగట్టాడు. గాలిలో అది ఎంత ఉందో హవాయిలోని మౌనా లోవా కొండ మీద ఎడతెగకుండా కొలవడం మాత్రం 1958లో మొదలైంది. అప్పుడు పది లక్షల భాగాల్లో దాదాపు 315, ఇప్పుడు 420 దాటింది. అంటే బల్లార్డ్ నవల వచ్చేసరికి ఆ కొలతలకు నాలుగేళ్ల వయసు. ఇది తెలిశాక ‘రచయిత ఎందుకు చెప్పలేదు’ అని తప్పుపట్టడం మానేస్తాం.

అలాగే ‘ఊహించింది నిజమైందా’ అనే లెక్క కూడా పక్కన పెట్టండి. ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన ‘పేరబుల్ ఆఫ్ ద సోవర్’ 2024లో మొదలవుతుంది. ఏది జరిగింది, ఏది జరగలేదు అని టిక్కులు పెట్టుకుంటూ చదివితే అది జ్యోతిషం పుస్తకం అయిపోతుంది. 1993లో ఆమె చుట్టూ ఉన్న దేన్ని చూసి ఇది రాసింది అని అడిగితే సాహిత్యం పుస్తకంగా మిగులుతుంది.

బయట ఒకచోట కూర్చోండి

క్లాసులో అందరూ దాటేసే అడుగు ఇది. నాకు మాత్రం ఇదే ముఖ్యం. పది రోజులు, ఒకే చోటు, రోజూ పదిహేను నిమిషాలు, ఒక నోట్‌బుక్. గోడ పగులులో మొలిచిన మొక్క అయినా సరే. కనిపించింది మాత్రమే రాయండి, తేదీ తప్పకుండా వేయండి. ‘అందంగా ఉంది’ అని రాయొద్దు. ‘కింది ఆకు అంచు పసుపుగా మారింది, మూడు చీమలు కాండం ఎక్కుతున్నాయి’ అని రాయండి. నాలుగో రోజుకల్లా బోర్ కొడుతుంది. ఆరో రోజుకు, ముందు కనిపించనివి కనిపించడం మొదలవుతుంది.

అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850లలో తన ఊరు కాంకర్డ్ చుట్టుపక్కల ఏ పువ్వు ఏ తేదీన పూసిందో ఇలాగే రాసుకున్నాడు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత బోస్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఆ తేదీలను ఇప్పటి తేదీలతో పోల్చి, చాలా పువ్వులు ముందుగానే పూస్తున్నాయని చూపించారు. ఒక రచయిత నోట్‌బుక్ సైన్సుకు ఆధారమైంది.

మనసు బరువెక్కితే

ఈ పుస్తకాలు వరసగా చదివితే టెన్షన్ వస్తుంది, దిగులు కూడా వేస్తుంది. అది చదవడంలో లోపం కాదు. దాని గురించి క్లాసులో బయటికి మాట్లాడండి. మధ్యలో వేరే రకం కల్పన ఒకటి పెట్టుకోండి. బెంగాలీ రచయిత్రి బేగం రొకియా 1905లో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో స్త్రీలు ఎండ వేడిని పోగుచేసి వాడుకుంటారు, మబ్బుల నుంచి నీళ్లు దించుకుంటారు. కర్త అక్కడ కూడా మనిషే, చేసిన పని వేరు. కార్సన్ పుస్తకం వచ్చిన పదేళ్లకు, 1972లో, అమెరికా పంటల మీద డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని నిషేధించిందన్న సంగతి కూడా అప్పుడే చెప్పుకోండి.

చివరికి వ్యాసం

రెండు పుస్తకాల్లోంచి చెరొక పేరా మాత్రమే తీసుకోండి. సున్నాలు చుట్టిన క్రియలతో మొదలుపెట్టి, కర్త ఎక్కడ దాగాడో, రచయిత ఎప్పుడు బయటపెట్టారో, అసలు బయటపెట్టారో లేదో రాయండి. రచయితల జీవిత చరిత్రలు అక్కర్లేదు. ఆ తర్వాత మీ నోట్‌బుక్‌లోని ఒక రోజు పేజీ తీసి, అందులో ఒక్కటంటే ఒక్కటి మార్చి, అదే చోటు ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఒక పేజీ కథ రాయండి. కథ అయ్యాక పెన్సిల్ మళ్లీ తీసుకుని, మీ సొంత వాక్యాల్లో కర్త లేని క్రియలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.