ఇన్విసిబ్లే మూడు ఆల్బమ్‌లు: ఏ వరసలో వినాలి, చెవి ఎక్కడ పెట్టాలి

అర్జెంటీనా రాక్ సంగీతకారుడు లూయిస్ ఆల్బెర్తో స్పినెత్తా పేరు తెలిసినవాళ్లలో చాలామంది ఇన్విసిబ్లేని ఆయన గొంతు కోసం, గిటార్ కోసం వింటారు. అలా వింటే 1974 నుంచి 1976 దాకా ఆయన నడిపిన ఈ బ్యాండ్ ఎలా మారిందో సగమే అందుతుంది. అసలు మార్పు బేస్ గిటార్‌లో, డ్రమ్స్‌లో ఉంది. మూడు ఆల్బమ్‌లూ కలిపితే సుమారు రెండు గంటలు. ఒకే రాత్రి కూర్చుని ముగించకుండా రోజుకొకటి పెట్టుకోండి.

ముందు పరికరం సంగతి. ఫోన్ స్పీకర్‌తో ఈ పని కాదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. చిన్న స్పీకర్ ఆ లోతుకు దిగలేదు. మామూలు హెడ్‌ఫోన్ చాలు. బేస్ బూస్ట్ మాత్రం తీసేయండి. అది ఉంటే బేస్, కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒకే ముద్దగా వినిపించి ఎవరు ఎక్కడ కొట్టారో తెలీదు. షఫుల్ కూడా ఆపండి. యాప్‌లో బ్యాండ్ పేరు ఒక్కటే కొడితే అదే పేరుతో ఇంకెవరెవరో వస్తారు, పక్కన స్పినెత్తా అని చేర్చి వెతకండి.

మొదలుపెట్టే ముందు పప్పోస్ బ్లూస్ అనే మరో అర్జెంటీనా బ్యాండ్ మూడో ఆల్బమ్ నుంచి రెండు పాటలు వినండి. 1972 నాటి ఆ రికార్డులో బేస్ వాయించిన మాచి రుఫీనో, డ్రమ్స్ వాయించిన పోమో లోరెన్సో మరుసటి ఏడాది స్పినెత్తాతో కలిసి ఇన్విసిబ్లే అయ్యారు. అంటే ఈ జంట అప్పటికే బ్లూస్‌లో నలిగి వచ్చింది. అది చెవికెక్కితే తర్వాత వీళ్లు ఎంత దూరం వెళ్లారో కొలుచుకోవచ్చు.

బ్యాండ్ పేరే పెట్టుకున్న 1974 ఆల్బమ్‌లో ఉన్నవి ఆరు పాటలు. తర్వాతి ముద్రణల్లో సింగిల్స్‌గా వచ్చిన పాటలు కూడా చేర్చారు, వాటిని చివరికి ఉంచుకోండి. లేకపోతే ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో తెలియక రెండోదానితో పోలిక చెడుతుంది. ‘హూగో దె లూకుమా’ను రెండుసార్లు పెట్టండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి గిటార్‌ని పూర్తిగా వదిలేసి బేస్ వెంటే వెళ్లండి. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో గిటార్ సోలోకి వెళ్లగానే కింద ఖాళీ పడాలి. ఇక్కడ ఆ చోటు మాచి నింపుతాడు, అతని బేస్ తోడుగా కాక రెండో గొంతులా నడుస్తుంది.

కొత్తవాళ్లు ఆగిపోయేది 1975లో వచ్చిన ‘దురాస్నో సాంగ్రాందో’ దగ్గర. మొదటి పాట ‘ఎన్కదెనాదో అల్ ఆనిమా’ పదిహేను నిమిషాల పైనే. పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందా అని ఎదురుచూస్తే విసుగొస్తుంది. ఇలా చేయండి: కాగితం మీద నిమిషం, సెకను వేసి, బేస్ నడక మారిన ప్రతిచోటా ఒక్క మాట రాయండి. ‘ఆగింది’, ‘వేగం పెరిగింది’, ‘డ్రమ్స్ లేవు’, అంతే చాలు. రెండోసారి ఆ కాగితం ఎదుట పెట్టుకుని వింటే పాట ముక్కలుగా కాక మలుపులతో సాగే ఒకే దారిగా వినిపిస్తుంది. తర్వాత వచ్చే టైటిల్ పాట చిన్నది, మెత్తనిది. దాన్ని విడిగా ప్లేలిస్టులో వేసుకుంటే సగం అందం పోతుంది. అంత పెద్ద పాట దాటి వచ్చాకే ఆ నిశ్శబ్దానికి విలువ. ఈ ఆల్బమ్ వెనుక రిచర్డ్ విల్‌హెల్మ్ అనువదించగా మనస్తత్వవేత్త యుంగ్ వ్యాఖ్యానం రాసిన చైనా ధ్యాన గ్రంథం ఉంది. వినడానికి అది చదవక్కర్లేదు.

మూడోది ‘ఎల్ హర్దీన్ దె లోస్ ప్రెసెంతెస్’, 1976. తోమాస్ గుబిచ్ రెండో గిటారిస్టుగా చేరాడు, రొదోల్ఫో మెదెరోస్, హువాన్ హోసె మొసలీని బాందొనెయోన్ వాయించారు. అది అకార్డియన్ లాంటి టాంగో వాద్యం. బ్యాండ్ మెత్తబడిందని దీన్ని తీసిపారేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. ‘లోస్ లిబ్రోస్ దె లా బుయెనా మెమోరియా’లో బాందొనెయోన్ వచ్చినప్పుడల్లా మాచి ఏం చేస్తున్నాడో వినండి. మొదటి ఆల్బమ్‌లో ఒక్కడే మోసిన బరువు ఇప్పుడు పంచుకునేవాళ్లు దొరికారు, అందుకే అతని స్వరాల మధ్య గాలి ఆడుతుంది. టాంగో ఊరైన బ్యూనస్ ఐరిస్ ఈ బ్యాండ్‌లోకి నేరుగా నడిచొచ్చింది ఇక్కడే. ‘ఎల్ అనీషో దెల్ కపితాన్ బెతో’లో ఒకప్పటి బస్సు డ్రైవర్ అంతరిక్షంలో ఉంటాడు. అతని నౌక తయారైంది ఆ నగర శివారు హయేదోలో, లోపల టాంగో గాయకుడు గార్దెల్ ఫొటో, రివర్ ప్లేట్ ఫుట్‌బాల్ క్లబ్ జెండా.

చివరి పాట పేరులో బ్యూనస్ ఐరిస్ కూడలి ప్లాసా దె మాయో ఉంది కాబట్టి, సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం అక్కడ నిలబడ్డ తల్లుల గురించే అని చాలామంది చెబుతారు. తేదీలు కుదరవు. సైనిక కుట్ర జరిగింది 1976 మార్చి 24న, ఆల్బమ్ అదే ఏడాదిది, తల్లులు ఆ కూడలిలో తొలిసారి చేరింది 1977 ఏప్రిల్ 30న. ఆ అర్థం తర్వాతి కాలం పాటకు తొడిగింది. వినేటప్పుడు పాటనూ ఆ అర్థాన్నీ వేరుగా ఉంచుకోండి.

బ్యాండ్ 1977లో విడిపోయింది. ఇంకా వెళ్లాలనుకుంటే ఎవరి చెయ్యి నచ్చిందో చూసుకుని ఆ దారి పట్టండి. పోమో డ్రమ్స్ నచ్చితే స్పినెత్తా తర్వాతి బ్యాండ్ స్పినెత్తా హాదె 1980 నాటి ఆల్బమ్ ‘అల్మా దె దియమాంతె’కి వెళ్లండి. స్పినెత్తా గిటార్ జాజ్ వైపు ఎలా తిరిగిందో కావాలంటే 1977లో ఆయన సొంత పేరుతో వచ్చిన ‘ఆ 18 దెల్ సోల్’ ముందు పెట్టండి.