పొరుగు దేశంతో అక్రమ వలసల ఒప్పందం: ఏయే విషయాలు రాసుకోవాలి

అక్రమ వలసలను ఏ దేశమూ తన కంచెతో, తన కాపలాతో ఒంటరిగా అదుపు చేయలేదు. ఒక దారి మూస్తే దళారులు పక్కనే మరో దారి వెతుక్కుంటారు. పట్టుబడిన మనిషిని తన పౌరుడిగా పొరుగు దేశం ఒప్పుకోకపోతే అతడు నెలల తరబడి నిర్బంధ కేంద్రంలోనే ఉండిపోతాడు.

కాబట్టి చర్చలకు కూర్చునే ముందు సరిహద్దు దాటి వస్తున్నవారు ఎవరో విడదీసి చూసుకోవాలి. పని కోసం వచ్చినవారు, దళారులకు డబ్బిచ్చి వచ్చినవారు, మోసపోయి అమ్ముడుపోయినవారు, ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారు ఒకే పడవలో ఉండవచ్చు గానీ చట్టం వారందరినీ ఒకేలా చూడదు. వలసదారులను దొంగచాటుగా చేరవేయడాన్ని అరికట్టేందుకు ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ ప్రకారం, దళారులు చేరవేశారన్న కారణంతోనే వలసదారులను నేరస్థులుగా విచారించరాదు. 1951 శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదు. ఈ రెండు నియమాలనూ ఒప్పందం మొదటి పేజీలోనే రాసుకోవాలి.

ఆ తర్వాత ఎక్కువ సమయం పెట్టవలసింది జాతీయత నిర్ధారణకే. నా దృష్టిలో ఒప్పందాలు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. పాస్‌పోర్టు ఉన్నవారితో చిక్కు లేదు. చాలామంది దగ్గర మాత్రం ఏ కాగితమూ ఉండదు. అప్పుడు పొరుగు దేశపు కాన్సులేట్ అధికారి ఆ మనిషి ఎదుట కూర్చుని, ఊరి పేరేమిటో, బడి ఎక్కడుందో, పట్నానికి వెళ్లే బస్సు ఏయే ఊళ్ల మీదుగా పోతుందో అడుగుతాడు, అతని యాసను గమనిస్తాడు, అతడిచ్చిన నంబరుకు ఫోన్ చేసి ఇంటివారితో మాట్లాడిస్తాడు. ఇలాంటి ఇంటర్వ్యూకు ఎంత విలువ ఇవ్వాలి, ఏ పత్రాలు పూర్తి రుజువు, ఏవి ప్రాథమిక ఆధారం మాత్రమే, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, గడువు దాటితే ఏం చేయాలి, ప్రయాణ పత్రం ఎవరు ఇవ్వాలి, ఖర్చు ఎవరిది అన్నవన్నీ అనుబంధంలో స్పష్టంగా ఉండాలి. వేలిముద్రలు పంపుకునేటప్పుడు, ఆ మనిషి ఆశ్రయం కోరిన సంగతి మాత్రం అతని స్వదేశ అధికారులకు ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియనివ్వకూడదు; అది బయటపడితే అక్కడున్న కుటుంబానికి ప్రమాదం.

మూడో దేశస్థులను, అంటే పొరుగు దేశం మీదుగా వచ్చిన వేరే దేశాల పౌరులను కూడా తిరిగి తీసుకోవాలని పొరుగు దేశాన్ని అడగడం తేలిక, అమలు చేయించడం కష్టం. స్పెయిన్, మొరాకో 1992లో అలాంటి ఒప్పందంపై సంతకం చేశాయి. అది పూర్తిస్థాయిలో అమల్లోకి రావడానికి 2012 దాకా పట్టింది.

ఉమ్మడి గస్తీకి ఎవరి నౌక, ఎవరి ఆదేశం, రక్షించినవారిని ఏ రేవులో దించాలి అన్నవి రాసుకుంటే చాలావరకు సరిపోతుంది. అయితే సముద్రం మీద ఉన్నంత మాత్రాన బాధ్యత తప్పదు. 2009లో ఇటలీ దాదాపు 200 మందిని నడిసముద్రం నుంచే లిబియాకు తిప్పి పంపింది, అది తప్పని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2012లో తీర్పు ఇచ్చింది.

ఇక పొరుగు దేశానికి ఏం దక్కుతుందో నిజాయితీగా చెప్పాలి. 2006లో ఆఫ్రికా పశ్చిమ తీరానికి దగ్గర్లో ఉన్న స్పెయిన్ భూభాగమైన కానరీ దీవులకు 31 వేలమందికి పైగా పడవల్లో వచ్చినప్పుడు స్పెయిన్ పశ్చిమ ఆఫ్రికా దేశాలతో కలిసి గస్తీ పెట్టింది, సహాయ నిధులూ ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ సంఖ్య సగానికి పైగా తగ్గింది. 2023లో మాత్రం అదే దారిలో 39 వేలమందికి పైగా వచ్చారు. వచ్చిన ఫలితం నిలవాలంటే కాపలాతో పాటు సీజన్ పనులకు చట్టబద్ధమైన వీసాలు కూడా ఏటా ఇవ్వాలి. కేవలం డబ్బుతో కట్టిన ఒప్పందం రాజకీయాలు మారితే ఊగిపోతుంది: 2016 మార్చి 18న యూరోపియన్ యూనియన్ టర్కీకి 600 కోట్ల యూరోల వరకు ఇస్తామని ఒప్పుకున్నా, 2020లో టర్కీ వలసదారులను యూరప్ వైపు వెళ్లకుండా ఆపడం మానేసింది.

సంతకాలయ్యాక ఉమ్మడి కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చుని, పెండింగులో ఉన్న ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి. ఇరువైపులా సరిహద్దు ఠాణాల్లో రెండు దేశాల మధ్య సంప్రదింపులు చూసే అనుసంధాన అధికారుల ఫోన్ నంబర్లు గోడకు అంటించి ఉంచాలి, అర్ధరాత్రి చేసినా అవతల ఎవరైనా ఎత్తుతున్నారో లేదో నెలకోసారి చేసి చూడాలి.